గ్రోవాట్న్ చేపలకి తెలుసు

హెమ్రే,
ఏప్రిల్ 20, 1997

అమ్మడూ గున్వోర్,

మీ పెదనాన్న ఎంబ్రిక్ నిన్ను తలుచుకుని మురిసిపోతూ రాస్తున్న ఉత్తరం ఇది. నీ ఫోటో మన లోయ పత్రికలో పడింది. "ఓస్లోలో ప్రొఫెసర్ అయిన హెమ్రే ఆడపడుచు" అని పెద్ద అక్షరాలతో వేశారు. ఆ ముక్క కత్తిరించి సహకార దుకాణంలో గుడ్ల అర పక్కన అంటించి వచ్చాను. ఎవర్నీ అడగలేదు. అడ్డు చెప్పే ధైర్యం ఎవరికుంది? కాకపోతే నీ చేతిలో చేప మరీ చిన్నది. ఇంకాస్త పెద్దది దొరకలేదా? మీ పెద్దమ్మ మార్గిత్ మాత్రం, "ఫోటో తీసేముందు జుట్టు దువ్వుకోవాల్సింది" అంటోంది.

అసలు సంగతి చెబుతాను. మన చేపల సంఘం ఈ ఏడు గ్రోవాట్న్ సరస్సు ఒడ్డున ఒక రాయి నిలబెడుతోంది. మీ తాతయ్య పేరు మీద. ఆ కొండ మీద చేప అన్నదే లేని నీళ్ళలోకి మన నది నుంచి పాల బిందెలో ట్రౌట్ చేపల్ని మోసి పోసినవాడు మా నాన్న హాల్గ్రిమ్. ఈ లోయలో మూడు తరాలు ఆ చేప తిని బతికాయి. ఓల్‌సోక్ పండుగనాడు, జులై ఇరవై తొమ్మిదిన, రాయి మీద ముసుగు నువ్వే తీయాలి. చేపల ప్రొఫెసర్‌వి, పైగా ఆయన మనవరాలివి. నీకంటే తగినవాళ్ళు ఎవరున్నారు? తీసేముందు నాలుగు మాటలు కూడా నువ్వే రాసి చదవాలి. "హెమ్రే నది నుంచి హాల్గ్రిమ్ ఈ చేపను మోసుకొచ్చాడు" అని రాతి మీద చెక్కడం అప్పుడే మొదలైంది.

ఇంకో మాట. ఈమధ్య మన చేపలు బక్కచిక్కిపోతున్నాయి. తల పెద్దది, ఒళ్ళు పుల్ల. దీని సంగతేమిటో కూడా చెప్పు. తూర్పు లోయ వాళ్ళు వచ్చి చూసి నవ్వుతున్నారు. వాళ్ళ నదిలో చేపలు బలిశాయట. చేపలే కాదు, వాళ్ళూ బలిశారు.

ఫోను చేయకు. నాకు వినపడదు, వినపడినట్టు నటించడం విసుగు. ఉత్తరం రాయి.

నీ పేరు చెప్పుకుని దుకాణంలో కాఫీ ఉచితంగా తాగుతున్న
మీ పెదనాన్న

*

ఓస్లో,
మే 6, 1997

పెదనాన్నా,

మీ ఉత్తరం మా విభాగంలో అందరికీ చదివి వినిపించాను. గుడ్ల అర మాట వచ్చేసరికి మా సహోద్యోగులు పడిపడి నవ్వారు. నేను నవ్వి, తరవాత కిటికీ దగ్గరికి వెళ్ళి ఇంకోసారి చదువుకున్నాను. నాన్న పోయాక నన్ను పడవ ఎక్కించి తెడ్డు చేతికిచ్చింది మీరు. ఆ రాయి మీద ముసుగు తీసే అవకాశం ఇస్తానంటే నాకంతకంటే ఏం కావాలి? తప్పకుండా వస్తాను.

మీకో విషయం చెప్పలేదు. మా మొదటి సంవత్సరం పిల్లలకి నా తొలి పాఠం ఏటా తాతయ్య పాల బిందెతోనే మొదలవుతుంది. "ఒక మనిషి కొండెక్కి చేపల్ని పోస్తే సరస్సు మొత్తం ఎలా మారిపోతుందో చూద్దాం" అంటాను. అప్పటిదాకా ఆవలించేవాళ్ళు కూడా నిటారుగా కూర్చుంటారు.

నాలుగు మాటలు ఊరికే రాయను, లెక్క తేల్చి రాస్తాను. నిరుడు ఆగస్టులో మేమంతా వచ్చి గ్రోవాట్న్ అడుగు నుంచి బురద తీశాం కదా, మీరు "ఓస్లోలో బురద లేదా" అని వెక్కిరించారు. ఆ బురద పొరలు పొరలుగా పాత కబుర్లు చెబుతుంది. వీపు మీద డిప్ప ఉండే ఒక నీటి పురుగు ఉంది. చేపలేని సరస్సుల్లో అది దర్జాగా తిరుగుతుంది, ట్రౌట్ అడుగుపెట్టిందా, మాయమైపోతుంది. దాని గుడ్ల పెంకులు ఏ పొరలో ఆగిపోయాయో చూస్తే చేప ఎప్పుడు వచ్చిందో తెలుస్తుంది. చేప ఏ నది వంశమో పొలుసుల్లోని జన్యువులు చెబుతాయి. చుట్టుపక్కల నదులన్నిటి పొలుసులూ మా దగ్గర ఉన్నాయి, గ్రోవాట్న్‌లో నా చేత్తో నేను పట్టిన చేపలవీ ఉన్నాయి. ఇంకో ముప్ఫై చేపలవి మీరు పంపితే మరీ గట్టిగా చెప్పగలను. అప్పుడు "హెమ్రే నది" అన్న మాట కింద నా సంతకం కూడా చెక్కించుకోండి.

బక్కచిక్కడం గురించి: సరస్సు దగ్గర నేను అడిగేది ఎప్పుడూ ఒకటే ప్రశ్న. తిండి ఎంత, నోళ్ళు ఎన్ని? మీకు నోళ్ళు ఎక్కువయ్యాయి. సన్నకన్ను వలలు వేసి చిన్నవాటిని బాగా తీసేయాలి. మిగిలినవి ఒళ్ళు చేస్తాయి.

పెద్దమ్మతో చెప్పండి, ఆ రోజు దువ్వుకునే వచ్చాను, గాలి ఒప్పుకోలేదు.

మీ
గున్వోర్

*

హెమ్రే,
జూన్ 3, 1997

అమ్మడూ,

నువ్వడిగిన ముప్ఫై చేపలు బస్సులో పంపాను. డ్రైవరు కాస్త గొణిగాడు. సరస్సు మీద ఇంకా మంచు కరగలేదు కాబట్టి కొత్తవి పట్టే వీలు లేదు. అందుకని నిరుడు శరదృతువులో తొట్టిలో ఊరేసిన వాటిలోంచి మంచివి ఏరి పంపాను. పక్వానికి వచ్చి క్రిస్మస్ దాటి చాలా రోజులైంది కాబట్టి వాసన కొంచెం ఉంటుంది. పొలుసులు తరవాత లెక్కపెట్టుకుందువు గాని, ముందు లెఫ్సే రొట్టెలో చుట్టి, మీగడ వేసి, ఉల్లిపాయ పెట్టి తిను. ఓస్లో తిండితో నువ్వు చిక్కిపోయావని ఫోటోలోనే తెలుస్తోంది. ఊళ్ళో చేప తినాలనుందని నేరుగా అడగవచ్చుగా, పరీక్ష అనీ పొలుసులనీ ఎందుకు చుట్టు తిప్పడం?

చిన్న చేపల్ని చంపమన్నావు. సంఘం సమావేశంలో చదివితే అందరూ ఒంటికాలి మీద లేచారు. "చిన్నవాటిని చంపితే పెద్దవి ఎక్కడి నుంచి వస్తాయి, ఓస్లో నుంచి వస్తాయా?" అన్నాడు కోశాధికారి. నేను నీ తరఫున చాలా గట్టిగా మాట్లాడాను. ఏం మాట్లాడానో నాకే అర్థం కాలేదు, కానీ గట్టిగా మాట్లాడాను.

చెక్కేవాడు "హాల్గ్రిమ్" పూర్తి చేసి "హెమ్రే నది" దగ్గరకి వచ్చాడు. అక్షరాలు భలే వచ్చాయి.

ఉంటాను మరి, ఆవు పిలుస్తోంది,
ఎంబ్రిక్ పెదనాన్న

*

ఓస్లో,
జూన్ 16, 1997

పెదనాన్నా,

ఊరచేప చేరింది. దాని రాక మా భవనం మొత్తానికి తెలిసింది. టపా గదిలో ఉన్నాయన ఏదో పైపు పగిలిందనుకుని మనుషుల్ని పిలిపించాడు. ఆయనకి మూత తీసి చూపించి, మా ఊరి చేప అని గర్వంగా చెప్పాను. ఆయన రెండడుగులు వెనక్కి వేసి "అభినందనలు" అన్నాడు. సాయంత్రం మేడ మీద కూర్చుని అందరం తిన్నాం. ఒక్క ముక్క మిగల్లేదు. ఉప్పులో అన్నాళ్ళు ఊరిన చేప పరీక్షకి పనికిరాదులెండి, కడుపుకి పనికొచ్చింది.

ఇప్పుడు మీరు కూర్చుని చదవండి.

బురద మీ మాటే చెప్పింది. డిప్ప పురుగు మాయమైన పొర సరిగ్గా తాతయ్య యవ్వనం నాటిది. ఆ రోజుల్లోనే ఎవరో చేపను పోశారు. సందేహం లేదు. కానీ పొలుసులు వేరే మాట చెబుతున్నాయి. గ్రోవాట్న్ చేపలు మన హెమ్రే నది వంశం కావు. తూర్పు లోయ నదివి. ఒకటికి రెండుసార్లు చూశాను, నాకంటే చెయ్యి తిరిగినవాళ్ళ చేత కూడా చూపించాను. మన నది రక్తం వాటిలో ఒక్క చుక్క లేదు.

రాతి మీద "హెమ్రే నది నుంచి" అన్న ముక్క ఆపించండి పెదనాన్నా. మిగతాదంతా ఉంచండి. ఆ ఒక్క ముక్క కింద మాత్రం నేను తెలిసి తెలిసి నిలబడలేను.

మీ
గున్వోర్

*

హెమ్రే,
జూన్ 24, 1997

నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం చదివి ముందు గుండె జారింది. ఆ తరవాత వంటింట్లో కూర్చుని ఒంటరిగా నవ్వుకున్నాను. చిక్కుముడి విడిపోయింది. తప్పు నీది కాదు, తొట్టిది!

ఈ సంగతి నీకూ నాకూ మధ్య ఉండాలి. నిరుడు మన సరస్సులో చేపలు మరీ సన్నగా పడ్డాయి. తొట్టి సగం కూడా నిండలేదు. సంఘం అధ్యక్షుడి ఇంట్లో తొట్టి వెలితిగా ఉంటే ఊళ్ళో తలెత్తుకోగలనా? అందుకని బండి వేసుకుని తూర్పు లోయకి వెళ్ళి, టోపీ కళ్ళ దాకా లాక్కుని, వాళ్ళ చేపలు కొనుక్కొచ్చి కలిపాను. క్రిస్మస్‌కి సంఘమంతా మా ఇంట్లో తిని, "ఇదీ గ్రోవాట్న్ రుచంటే, తూర్పు వాళ్ళకి ఎక్కడిది ఈ రుచి!" అని లొట్టలేసుకుంటూ పోయారు. నేను ఇంకాస్త వడ్డించాను.

నీకు పంపినవి ఆ చేపలే. లావుగా ఉన్నాయని ఏరి ఏరి వాటినే పంపాను. తూర్పు చేపని పరీక్షిస్తే తూర్పు అనక ఏమంటుంది? నీ పరీక్ష గట్టిది. అందుకు నాకు గర్వంగా ఉంది. ఇక ఆ సంగతి మర్చిపోయి నాలుగు మాటలు రాసి పంపు. చెక్కేవాణ్ణి ఆపలేదు.

తేలికపడ్డ మనసుతో,
పెదనాన్న

*

ఓస్లో,
జులై 1, 1997

పెదనాన్నా,

మీరు చెప్పింది చదివి నవ్వాను, అంతలోనే నవ్వు ఆగిపోయింది. నేను మీ తొట్టి చేపల్ని పరీక్షించలేదు. అవి తినేశామని రాశాను. పరీక్షించినవి నిరుడు ఆగస్టులో గ్రోవాట్న్‌లో నేను స్వయంగా వల వేసి పట్టినవి. మీరే పడవ నడిపారు. ఆ రోజు వాన కూడా పడింది.

క్రిస్మస్‌కి మీ అతిథులు అన్నది తప్పేమీ కాదు. ఆ రుచీ ఈ రుచీ ఒక్కటే, వంశం ఒక్కటే కాబట్టి.

నేను వస్తాను. ముసుగు కూడా తీస్తాను. కానీ ఆ ముక్క రాతి మీద ఉంటే పైకి చదవను. నన్ను క్షమించండి.

గున్వోర్

*

హెమ్రే,
జులై 8, 1997

ప్రొఫెసర్ గున్వోర్ గారికి,

మీ ఉత్తరం అందింది. రాయి పని పూర్తయింది. ముసుగు తీయడానికి తమరు శ్రమపడి రానక్కరలేదు. పాస్టరు గారు తీస్తారని సంఘం తీర్మానించింది. ఆయనకి చేపల గురించి ఏమీ తెలియదు, అదే మేలు.

మా నాన్న హాల్గ్రిమ్ అబద్ధం ఆడేవాడని తమరు కనిపెట్టారు. ఈ లోయలో ఆయన మాట మీద ఎద్దులు చేతులు మారేవి, కాగితం అవసరం ఉండేది కాదు. అలాంటి మనిషిని పొలుసు ముక్క పెట్టి దొంగని చేశారు. తూర్పు నదిలో చేపలు పట్టే హక్కు ఆయనకి లేదు. అక్కణ్ణుంచి తెచ్చాడంటే దొంగిలించాడనే కదా? ఆయన జన్మలో తూర్పు లోయకి వెళ్ళి ఎరగడు, పెళ్ళికి తప్ప. నువ్వు ఆయన ఒళ్ళో కూర్చుని లెఫ్సే తిన్నదానివి. ఇదేనా నువ్వు చేసేది? నేను నిన్ను పడవ ఎక్కించింది ఇందుకేనా?

దుకాణంలో నీ ఫోటో ఇంకా తీయలేదు. తీద్దామని వెళ్ళి, ఉప్పు కొనుక్కుని వచ్చేశాను.

ఎంబ్రిక్ హెమ్రే
చేపల సంఘం అధ్యక్షుడు

(గున్వోర్, నేను మార్గిత్ పెద్దమ్మని. కవరు అంటించేముందు రాస్తున్నాను. ఆయన అన్నం సరిగా తినడం లేదు. ఆయనతో వాదించకు, కానీ ఉత్తరం మానకు.)

*

ఓస్లో,
జులై 14, 1997

పెదనాన్నా,

"ప్రొఫెసర్ గారు" అని నన్ను జన్మలో పిలవకండి. ఊళ్ళో అందరూ పిలవచ్చు, మీరు మాత్రం వద్దు.

తాతయ్యని నేను అబద్ధాలకోరని అనలేదు, దొంగ అని అసలే అనలేదు. చేప ఏ నదిదో చెప్పాను, అంతే. ఎవరు మోశారో పొలుసు చెప్పదు, ఎందుకు మోశారో అంతకంటే చెప్పదు. ఈ మాట నేను ముందే రాయాల్సింది. వచ్చింది తూర్పు నది నుంచి అని తేలినరోజు నాకూ నిద్రపట్టలేదు. నా మొదటి పాఠం కూడా పోయినట్టే కదా? సెప్టెంబరులో పిల్లల ముందు నిలబడి ఏం చెప్పాలి? మీరొక్కరే నష్టపోయారనుకోకండి.

కానీ ఒక్కటి. నేను ఈ కుర్చీలో కూర్చున్నది మీకు నచ్చే మాట చెప్పడానికి కాదు. నచ్చని మాట చెప్పినప్పుడు కూడా మీరు నమ్మేలా పని చేయడానికి. అలా బతకమని నాకు నేర్పింది మీ ఇల్లే. ఎద్దులు మాట మీద చేతులు మారిన ఇల్లు.

చిన్నప్పటిది ఒకటి గుర్తొస్తోంది, దీనికేమైనా సంబంధం ఉందో లేదో తెలియదు. పండక్కి ఎవరైనా గ్లాసెత్తి "గ్రోవాట్న్ చేపను తెచ్చిన హాల్గ్రిమ్‌కి!" అంటే, తాతయ్య ఎప్పుడూ గుర్రాన్ని చూసొస్తానని లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. పొగడ్త పడదనుకునేవాళ్ళం. ఆ గుర్రం ఒంట్లో బాగాలేని రోజు నాకొక్కటీ గుర్తులేదు.

మీరు అన్నం తినండి.

మీ అమ్మడు

*

హెమ్రే,
జులై 21, 1997

గున్వోర్ తల్లీ,

ఇది పెద్ద ఉత్తరం. కాఫీ పెట్టుకుని కూర్చో.

నీ ఉత్తరం చదివి నేను గుర్రం సంగతి మీద మార్గిత్‌తో దెబ్బలాడాను. "ఆ గుర్రానికి ఏ రోగమూ లేదు, మీ ఇంట్లో అందరికీ తెలుసు" అంది. దాంతో నాకు కోపం వచ్చి, తూర్పు లోయకి పోయి వాళ్ళ నోటితోనే "మీ చేప మాది కాదు" అనిపించుకొస్తానని బండి తీశాను. ఈసారి టోపీ కిందికి లాగలేదు. మార్గిత్ కూడా ఎక్కి కూర్చుంది, నేను ఎవర్నైనా కొడతానేమోనని.

అక్కడ నాకు తెలిసినవాళ్ళు ఎవరున్నారు? మా అమ్మ గూరో పుట్టిల్లు ఒక్కటే. అమ్మ చెల్లెలు బిరిట్ పిన్ని వృద్ధాశ్రమంలో ఉంది. నిండుగా బతికి, ఒళ్ళు మూలపడ్డా నాలుక మాత్రం పడలేదు. నేను వెళ్ళి, రాయి సంగతి, నీ పొలుసుల సంగతి అంతా ఏకరువు పెట్టాను. "పిన్నీ, మా నాన్న మీ నదిలో చేప పట్టలేదని నువ్వు సాక్ష్యం చెప్పాలి" అన్నాను.

పిన్ని నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"పట్టలేదురా. మా బావ మోశాడా? బావ మొహం! ఆయనకి పాల బిందె తిన్నగా పట్టుకోవడం వచ్చా? మోసింది మా అక్క. మీ అమ్మ."

మార్గిత్ "అలా చెప్పు పిన్నీ" అని కుర్చీ దగ్గరికి లాక్కుంది.

మా అమ్మ పెళ్ళికి ముందు తూర్పు లోయలో ఒక పెద్ద రైతు దగ్గర పనిలో ఉండేది. వేసవంతా గ్రోవాట్న్‌కి తూర్పు ఒడ్డున వాళ్ళ ఆవుల మకాంలో పాలు పితకడం, జున్ను కాయడం. సాయంత్రం సరస్సు మీద పురుగులు మబ్బులా ముసిరేవట. నీళ్ళలో మాత్రం ఒక్క అల లేచేది కాదట, తినే నోరు లేక. పిన్నితో అనేదట, "అంత తిండి వృథాగా పోతుంటే చూడబుద్ధి కావడం లేదే" అని. ఓ రోజు తెల్లారకముందే కిందికి దిగి, రైతు నదిలో చేపలు పట్టి, పాల బిందెలో నీళ్ళు పోసి, వేడెక్కకుండా మంచుగడ్డలు వేసి, పైన నాచు కప్పి, వీపున కట్టుకుని కొండెక్కింది. దారిలో ప్రతి వాగు దగ్గరా ఆగి నీళ్ళు మార్చింది. ఒకసారి కాదు, ఆ వేసవంతా వీలు దొరికినప్పుడల్లా.

మా నాన్న పడమటి ఒడ్డున మన ఆవులతో ఉండేవాడు. ఆమెని దారిలో చూశాడు. బిందె అందుకోబోతే ఇవ్వలేదట. "నువ్వు ఒలకబోస్తావు" అందట. అలా మొదలైంది వాళ్ళ కథ.

కొన్నేళ్ళకి సరస్సులో చేప ఎగిరింది. రైతు మనుషులు చూశారు. ఆ నదిలో చేప రైతు సొత్తు, అడగకుండా పడితే దొంగతనం. ఎవరు చేశారని మకాంలో అందర్నీ నిలబెట్టి అడిగారు. పని పోవడమే కాదు, పోలీసు దగ్గరికి కూడా వెళ్ళేది. మా నాన్న పడవ వేసుకుని ఇవతలి నుంచి వెళ్ళి, వాళ్ళ మధ్య నిలబడి, "నేను పోశాను. మా హెమ్రే నదిలోవి. మా నది చేపని మా ఒడ్డున పోసుకుంటే మీకేం?" అన్నాడు. వాళ్ళు నమ్మలేదు, కానీ ఏం చేయగలరు? ఏడాది పొడుగునా తూర్పు లోయలో ఆయన్ని చేపల దొంగ అనే పిలిచారట. మన లోయలో అదే మాట తిరిగి తిరిగి పొగడ్తయింది. వద్దందామంటే అమ్మ దొంగవుతుంది. అందుకే గుర్రం దగ్గరికి పోయేవాడు.

ఆ రైతు పోయాక నాన్న నిజం చెప్పేద్దామన్నాడట. అమ్మే ఒప్పుకోలేదు. "ఇప్పుడెందుకు? చేపలకి తెలుసులే" అందట. ఇదంతా అమ్మ పిన్నికి ఒక్కదానికే చెప్పింది, మొదటిసారి పెళ్ళిరోజు పొద్దున జడ వేయించుకుంటూ. పిన్ని ఇన్నేళ్ళూ నోరు కట్టేసుకుంది. "నన్నెవరూ అడగలేదురా, మీ వాళ్ళెప్పుడు ఇటు వచ్చారు గనక" అంది.

అమ్మడూ, ఇంకోటి. ఏటా గడ్డి కోతలయ్యాక మొదటి వలలో పడ్డ మొదటి చేప నాన్న తన చేత్తో అమ్మ పళ్ళెంలో పెట్టేవాడు. పాస్టరు వచ్చినా సరే, బిషప్ వచ్చినా సరే, ముందు ఆమెకే. నువ్వూ చూశావు. మర్యాద అనుకున్నాం. ఆయన అందరి ముందూ ఏటా నిజం చెబుతూనే ఉన్నాడు, మాకే బుర్ర లేదు.

నీ పరీక్ష మా నాన్నని దొంగని చేస్తుందనుకున్నాను. చేయలేదు. నేనెరిగిన దానికంటే ఇంకా పెద్దమనిషిని చేసింది. ఇక మా అమ్మ! ఆ అయిదడుగుల మనిషి! గర్వం నా ఛాతీలో పట్టడం లేదు.

నిన్న సంఘం సమావేశంలో చెప్పేశాను. తొట్టి సంగతి తప్ప అంతా చెప్పాను. కోశాధికారి ఊరుకుంటాడా? "అంటే ఎంబ్రిక్, మీ ఇంట్లో మగవాళ్ళు బొంకులు, ఆడవాళ్ళు దొంగతనాలా?" అన్నాడు. "అవునోయ్, ఆ రెండూ కలిస్తేనే నీ పళ్ళెంలో చేప పడింది, నోరు మూసుకుని తిను" అన్నాను. చెక్కిందంతా అరగదీయించాను. రాయి నున్నగా ఎదురుచూస్తోంది. ఏం చెక్కాలో నువ్వే రాసి పంపు. పాస్టరు గారికి రానక్కరలేదని చెప్పాను, ఆయన కూడా సంతోషించారు.

నీకు రాసిన ఆ ముందు ఉత్తరం పొయ్యిలో వేసెయ్యి.

నీ పెదనాన్న, ప్రొఫెసర్ గారి పెదనాన్న

*

ఓస్లో,
జులై 24, 1997

పెదనాన్నా,

మీ ఉత్తరం మా విభాగంలో చదివి వినిపించలేకపోయాను. ఇద్దరు ముగ్గురు అడిగినా సంచిలోంచి తీయలేదు. ఇంటికి తెచ్చుకుని మళ్ళీ మళ్ళీ చదివాను.

తిండి ఎంత, నోళ్ళు ఎన్ని అని నేను బడాయిగా రాశాను కదా. ఇన్నేళ్ళు చదివి, ఇంత బురద తవ్వి నేను అడుగుతున్న ప్రశ్న అదొక్కటే. నానమ్మ జున్ను కాస్తూ, ఒడ్డున నిలబడి, పురుగుల్ని చూసి అదే అడిగింది. అడిగి ఊరుకోలేదు, బిందె వీపున కట్టుకుంది. నాకు ఈ బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటిదాకా తెలియదు. ఇప్పుడు తెలిసింది. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

సెప్టెంబరు పాఠం పోలేదు. ఇంకా పెద్దదైంది.

చెక్కేవాడికి ఇవి ఇవ్వండి. ఇంతకంటే ఎక్కువ వద్దు:

గూరో చేపను మోసింది.
హాల్గ్రిమ్ నిందను మోశాడు.

తూర్పు లోయ వాళ్ళని పిలవండి. బిరిట్ నానమ్మని కుర్చీతో సహా తీసుకురండి. ముసుగు ఆవిడే తీయాలి, నేను పక్కన నిలబడతాను.

మీ ఉత్తరం ఒక్కటీ పొయ్యిలో వేయను. "ప్రొఫెసర్ గున్వోర్ గారికి" అన్నది ముఖ్యంగా దాచుకుంటాను, ముసలిదాన్నయ్యాక మీ మునిమనవలకి చూపించాలి.

జుట్టు దువ్వుకునే వస్తున్న
గున్వోర్

*

హెమ్రే,
ఆగస్టు 25, 1997

నా గున్వోర్‌కి,

పండుగనాడు జనంలో నీతో సరిగా మాట్లాడలేకపోయాను. నువ్వేమో మర్నాడే బస్సెక్కావు. బిరిట్ పిన్ని ముసుగు లాగి, రాయి చదివించుకుని, "ఆలస్యంగానైనా బుద్ధొచ్చింది మీ లోయకి" అని అందరి ముందూ అంది. తూర్పు వాళ్ళు చప్పట్లు కొడుతుంటే మన వాళ్ళు కూడా కొట్టారు. నేను గుర్రాన్ని చూసి రావాలనుకున్నాను, మాకిప్పుడు గుర్రం లేదు. అక్కడే నిలబడి ఏడ్చాను. నువ్వు చూడలేదనుకున్నాను, చూశావని మార్గిత్ చెప్పింది.

గడ్డి కోతలయ్యాయి. మొన్న వలలు వేశాం. నువ్వు చెప్పిన సన్నకన్ను వలలే. తూర్పు వాళ్ళు కూడా రెండు పడవలు తెచ్చారు, చేపలు వాళ్ళ చుట్టాలని తేలింది కదా, ఇక వాళ్ళ నోటికి హద్దు లేదు. చిన్నవాటిని గంపలు గంపలు తీశాం. కోశాధికారి ప్రతి గంపకీ మూలిగాడు. ఒళ్ళు ఎప్పుడు చేస్తాయో చూడాలి. చేస్తాయి. నువ్వు చెప్పావు కాబట్టి చేస్తాయి.

మొదటి వలలో మొదటి చేప ఓ మోస్తరుది. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఆ చేప బల్ల మధ్యలో పెట్టి అందరం పంచుకుంటున్నాం, ఎవరి పళ్ళెంలో పెట్టాలో తెలియక. ఈసారి నేను చేతిలోకి తీసుకోగానే మార్గిత్ వంటింట్లోంచి పెట్టె, మంచుముక్కలు తెచ్చి ముందు పెట్టింది.

రేపు పొద్దుటి బస్సులో వస్తోంది, దించుకో. డ్రైవరు మూత తీసి వాసన చూసిగాని ఎక్కించుకోనన్నాడు. ఊరేసింది కాదు, పచ్చిదే. నాలుగు పొలుసులు తీసి కవరులో వేశాను, నువ్వు చూపించినట్టే. అవి నీ పరీక్షకి.

చేప మాత్రం నీ పళ్ళేనికి. మీ నానమ్మది అది.

పెదనాన్న